ఫస్టియర్‌లో ఆట ఆగకుండా చూసుకోవడం ఎలా: హైదరాబాద్‌లో కొత్తగా కాలేజీలో చేరినవాళ్ళకు

యూనివర్సిటీలో చేరిన మొదటి ఏడాది విద్యార్థుల్లో వ్యాయామం తగ్గిపోతుందని చాలా దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మన దగ్గర ఆ పని అంతకు రెండేళ్ళ ముందే అయిపోతుంది. తొమ్మిదో తరగతి దాకా సాయంత్రం గల్లీ క్రికెట్, స్కూల్లో డ్రిల్ పీరియడ్, ఖోఖో, కబడ్డీ. పదిలోకి రాగానే డ్రిల్ పీరియడ్‌ను లెక్కల సారు తీసేసుకుంటారు. ఇంటర్‌లో పొద్దున ఆరింటి స్టడీ అవర్ మొదలు రాత్రి పదింటి దాకా కూర్చోవడమే చదువు. చాలా కాలేజీలకు గ్రౌండే ఉండదు. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగ్, కింద పార్కింగ్, అంతే. ఎప్‌సెట్‌లో ఇంజినీరింగ్ ర్యాంకో, దోస్త్ ఆన్‌లైన్ అడ్మిషన్లలో డిగ్రీ సీటో చేతికొచ్చేసరికి చాలామంది బస్సు అందుకోవడానికి తప్ప పరుగెత్తిన పాపాన పోయి ఉండరు.

అందుకని ఇందులో రెండు రకాల వాళ్ళకు పనికొచ్చే సంగతులున్నాయి. ఇప్పటిదాకా ఆడుతూ ఉండి, కాలేజీలో చేరాక వదిలేస్తామేమోనని భయపడేవాళ్ళు ఒకరు. ఎప్పుడో వదిలేసి, మళ్ళీ మొదలుపెట్టాలని మనసులో ఉన్నా మొహమాటపడేవాళ్ళు ఇంకొకరు. నన్నడిగితే రెండోవాళ్ళకే ఇది మంచి అవకాశం. ఇన్నేళ్ళ తర్వాత మీ సాయంత్రం మీ చేతికి రావడం ఇదే మొదటిసారి.

ముందు కాగితం మీద మూడు మాటలు

"నాకు విల్‌పవర్ లేదు సార్" అని పిల్లలు చెబుతుంటారు. నేను నమ్మను. ఏడో తరగతిలో మీరు రోజూ ఆడింది విల్‌పవర్‌తో కాదు. నాలుగున్నరకు బెల్ కొట్టేది, ఇంటి ముందు ఖాళీ స్థలం ఉండేది, పక్కింటి వాడు వచ్చి కేకేసేవాడు. టైము, చోటు, తోడు. ఈ మూడూ ఉన్నంతకాలం ఆట నడిచింది. ఊరు మారి, ఇల్లు మారి హాస్టల్లో చేరాక మూడూ ఒకేసారి పోయాయి. ఆట మాత్రం ఎలా నిలుస్తుంది?

అమెరికాలో ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో దానికి మారిన విద్యార్థులను వెండీ వుడ్ అనే మానసిక శాస్త్రవేత్త బృందం పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించింది. కొత్త చోట కూడా పరిస్థితులు పాతవాటిలాగే ఉన్నవాళ్ళకు వ్యాయామం అలవాటు దానంతటదే కొనసాగింది. పరిస్థితులు మారినవాళ్ళకు అది తెగిపోయింది. ఆ తర్వాత వాళ్ళు చేసిందల్లా ప్రతిసారీ కావాలని అనుకుని చేసిందే.

కాబట్టి నోట్‌బుక్ చివరి పేజీలో మూడు వరుసలు రాయండి. ఆఖరుసారి మీరు రోజూ ఆడిన రోజుల్లో ఏ టైముకు ఆడేవారు, ఎక్కడ, ఎవరితో? పక్కనే ఇప్పుడు ఆ మూడింటికి బదులు ఏముందో రాయండి. ఖాళీగా ఉన్న గడిని నింపడమే మీ పని. చాలామంది టైము దొరకడం లేదనుకుంటారు, రాసి చూస్తే ఖాళీగా కనిపించేది "తోడు" గడి.

మొదటి వారంలోనే చోటు వెతకండి

ఓరియంటేషన్‌లో లైబ్రరీ చూపిస్తారు, ల్యాబులు చూపిస్తారు, ప్లేస్‌మెంట్ సెల్ అయితే రెండుసార్లు చూపిస్తారు. పీడీ రూమ్ చూపించరు. మీరే వెతుక్కోవాలి. గ్రౌండ్ పక్కనో, సెల్లార్‌లోనో ఒక చిన్న గది ఉంటుంది, తలుపు మీద "ఫిజికల్ డైరెక్టర్" అని బోర్డు. లోపల ఒక ఇనుప బీరువా, మూలన వల సంచిలో గాలి తగ్గిన వాలీబాల్స్, గోడకు రంగు వెలిసిన టీమ్ ఫోటోలు, బల్ల మీద దారం కట్టిన పెన్నుతో ఒక రిజిస్టర్. ఐడీ కార్డు అక్కడ పెట్టి, పేరు, రోల్ నంబర్, తీసుకున్న వస్తువు రాసి సంతకం పెడితే బ్యాటో రాకెట్టో చేతికిస్తారు. తిరిగిచ్చేటప్పుడు కార్డు వెనక్కి తీసుకోవాలి. కొత్తవాళ్ళు రాకెట్ ఇచ్చి కార్డు మరిచిపోతారు, మర్నాడు గేటు దగ్గర ఇరుక్కుంటారు.

ఆ గదిలో జరిగే మాటలు ఏటా దాదాపు ఒకటే.

"సార్, మేం ఫస్టియర్. ఆడొచ్చా సార్?"

"ఫస్టియరోళ్ళకు కాళ్ళు లేవారా? ఏం ఆడతవ్?"

"ఏమో సార్. ఇంటర్ల అసలు గ్రౌండే చూడలే."

"అయితే రేపు ఐదింటికి రా. వాలీబాల్‌ల ఒకడు తక్కువున్నడు."

అంతే. సెలక్షన్ లేదు, ఫీజు లేదు. టీములో చోటు కోసం కాదు, ఒకడు తక్కువైన చోట నిలబడటానికి వెళ్ళండి. వాలీబాల్, షటిల్ కోర్టుల దగ్గర ఎప్పుడూ ఒకరు తక్కువే ఉంటారు.

క్యాంపస్ పెద్దదైతే మీ అదృష్టం. ఉస్మానియాలో తార్నాక వైపు నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా చెట్ల కింద రోడ్డు ఉంది. 1939లో మొదలైన ఆ భవనం ముందు పొద్దున్నే నడిచేవాళ్ళలో క్యాంపస్‌తో సంబంధం లేని పెద్దవాళ్ళే ఎక్కువ. హాస్టల్లో ఉంటూ కూడా ఆ రోడ్డును తెల్లవారుజామున చూడనివాళ్ళు బోలెడుమంది. అదే క్యాంపస్‌లో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన సైక్లింగ్ వెలోడ్రోమ్ కూడా ఉంది. గచ్చిబౌలిలో హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) వాళ్ళకైతే బండరాళ్ళు, చెట్ల మధ్య కిలోమీటర్ల కొద్దీ రోడ్లు. హాస్టల్ నుంచి క్లాసుకు సైకిల్ మీద వెళ్ళినా ఆ రోజు లెక్కలో కొంత పడుతుంది. సెకండ్‌హ్యాండ్ సైకిల్ కావాలంటే పాసై వెళ్ళిపోతున్న సీనియర్లను అడగండి.

క్యాంపస్ లేని కాలేజీలు, అంటే అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉంటూ ఎక్కడికో వెళ్ళి చదివేవాళ్ళు బయట వెతకాలి. అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ వాళ్ళకు నెక్లెస్ రోడ్డు, సంజీవయ్య పార్కు దగ్గర. కోఠి, నాంపల్లి వైపు పబ్లిక్ గార్డెన్స్, ఎల్బీ స్టేడియం, కాస్త పైకి పోతే ఇందిరా పార్కు. దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళకు సరూర్‌నగర్ చెరువు దగ్గరి పార్కు. కొండాపూర్, మాదాపూర్ వాళ్ళకు బొటానికల్ గార్డెన్, దుర్గం చెరువు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది. సైకిలుంటే నార్సింగి, నానక్‌రామ్‌గూడ వైపు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. పైన సోలార్ ప్యానెళ్ళ కప్పు, కాబట్టి వాన తగలదు, ఎండ తగలదు. జీహెచ్ఎంసీ కాలనీ పార్కుల్లో చాలావాటిలో ఓపెన్ జిమ్ పరికరాలుంటాయి. వాటితో కండలు రావు కానీ కీళ్ళు కదులుతాయి.

ఇన్ని పేర్లు చెప్పినా ఒక్కటే సూత్రం పట్టుకోండి. గది నుంచి పది నిమిషాల నడకలో ఉన్న మామూలు పార్కు, ఆటోలో అరగంట పట్టే కేబీఆర్ పార్కు కన్నా మేలు. కేబీఆర్ ఆదివారం కోసం ఉంచుకోండి.

టైము: మీ టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని

"పొద్దున ఐదింటికి లేచి" అని మొదలయ్యే ప్లాన్లు హాస్టల్లో బతకవు. పక్క మంచం వాడు రెండింటి దాకా రీల్స్ చూస్తుంటే, ఎదురు మంచం వాడు ఫోన్లో గొడవ పడుతుంటే మీరు ఐదింటికి లేవడం అంటే మూడు గంటల నిద్రతో పరుగెత్తడమే. మీ వయసుకు ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి. నిద్ర కోసి చేసే వ్యాయామం వారం కూడా నిలవదు. పదకొండింటికి నిజంగా పడుకునేవాళ్ళే పొద్దునది పెట్టుకోండి, మిగతావాళ్ళకు సాయంత్రమే దిక్కు.

హాస్టల్ వాళ్ళకు బాగా కుదిరేది క్లాసులు అయిపోయాక గదికి వెళ్ళకముందు దొరికే సమయం. గదికి వెళితే మంచం, మంచం మీద ఫోన్. బూట్లు, ఒక టీషర్ట్ క్లాసు బ్యాగులోనే పెట్టుకుని ల్యాబు నుంచి నేరుగా గ్రౌండుకు వెళ్ళండి. టీ అక్కడికే తెప్పించుకోండి.

డే స్కాలర్ల బాధ వేరు. ఘట్‌కేసర్, మేడ్చల్, మొయినాబాద్, ఇబ్రహీంపట్నం వైపు కాలేజీల బస్సు పొద్దున ఏడింటికి ముందే ఎక్కాలి. సాయంత్రం నాలుగింటికి బెల్ కొట్టిన పావుగంటలో బస్సు కదులుతుంది, గ్రౌండ్ కళ్ళ ముందే ఉన్నా ఆడే వీలు లేదు. రోజుకు మూడు గంటలు సీట్లోనే పోతాయి. వీళ్ళ గురించి ఏ ఫిట్‌నెస్ వీడియోలోనూ చెప్పరు. నాకు తెలిసి పనిచేసేవి రెండు. ఒకటి, వచ్చేటప్పుడు మీ స్టాపుకు రెండు స్టాపుల ముందే దిగిపోయి ఇంటికి చురుగ్గా నడవడం. మెట్రోలో వచ్చేవాళ్ళకు ఇది ఇంకా సులువు. స్టేషన్ల మధ్య దూరం సుమారు కిలోమీటరే, ఒక స్టేషన్ ముందు దిగి, ఎస్కలేటర్ వదిలి మెట్లు దిగి నడిస్తే పదిహేను, ఇరవై నిమిషాలు. అమ్మాయిలకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి మధ్యలో దిగినా, మళ్ళీ ఎక్కినా ఖర్చు లేదు. రెండు, లంచ్ బ్రేక్. ముప్పావు గంటలో తినడానికి ఇరవై నిమిషాలు తీసేసి మిగతాది క్యాంటీన్ బెంచీ మీద కాకుండా క్యాంపస్ చుట్టూ నడుస్తూ మాట్లాడుకోండి. మాటలు అవే, కూర్చోరంతే.

ఇంటికి చేరాక మాత్రం బ్యాగు దించి సోఫాలో కూర్చోవద్దు. కూర్చున్నారా, అమ్మ టీ ఇస్తుంది, టీవీ నడుస్తుంటుంది, ఇక ఆ రోజు అంతే. అమ్మకు ముందే చెప్పి పెట్టండి: "ఆరున్నర తర్వాతే టీ."

హాస్టల్ గేటు ఏడింటికి మూసేస్తే

అబ్బాయిల హాస్టల్ గేటు పదింటికి, అమ్మాయిలది ఏడింటికి మూసే చోట్లు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయి. ఆ తేడా గురించి వార్డెన్‌ను, స్టూడెంట్ కౌన్సిల్‌ను అడగాల్సిందే. ఒక్కరుగా కాకుండా పదిమంది సంతకాలతో అడగండి. "సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా గ్రౌండ్‌లో లైట్లు, ఒక గార్డు" అని రాతపూర్వకంగా అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. గేటు టైము మార్చమంటే మాత్రం కమిటీ వేస్తారు.

అది తేలేలోపు చేయగలిగింది చూద్దాం. పొద్దున ఆరు తర్వాత, కనీసం ముగ్గురు కలిసి, జనం నడిచే రోడ్డు మీదే నడవండి. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్స్ వద్దు. వెంటపడి వేధించేవాడు ఎదురైతే ఊరుకోకుండా 100కు ఫోన్ చేయండి. 2014 నుంచి షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నది అందుకే. ఇండోర్ షటిల్ కోర్టు, టీటీ టేబుల్ ఉంటే మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో ఎవరూ ఉండరు, అవి మీవే అనుకోండి. కోర్టు ఎప్పుడు చూసినా అబ్బాయిల చేతుల్లోనే ఉంటే పీడీతో మాట్లాడి వారానికి రెండు గంటలు అమ్మాయిలకు రాయించుకోండి. నోటీసు బోర్డు మీద టైపు చేసిన కాగితం ఉంటే ఎవరూ వాదించరు.

ఇంకో సంగతి. రెండు అంతస్తులు ఎక్కేసరికి ఆయాసం, ఎప్పుడూ నీరసం, తల తిరగడం ఉంటే "ఫిట్‌నెస్ లేదు" అని సరిపెట్టుకోకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. 12 గ్రాముల కన్నా తక్కువుంటే ముందు డాక్టరు, ఐరన్ మాత్రలు, ఆ తర్వాతే పరుగు. నెలసరి రోజుల్లో నడక, తేలికపాటి వ్యాయామం మానాల్సిన పని లేదు. ఒళ్ళు సహకరించకపోతే మానేయండి, దానికి సంజాయిషీ కూడా అక్కర్లేదు.

తోడు

ఆరుగురు షేరింగ్ గదిలో తోడు దొరకడం కష్టం కాదు, సరైన తోడు దొరకడం కష్టం. మీకన్నా బాగా ఆడేవాడిని పట్టుకుంటే వాడికి విసుగు, మీకు సిగ్గు. మీలాగే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళను చూసుకోండి. బెస్ట్ ఫ్రెండే కానక్కర్లేదు. నిజానికి బెస్ట్ ఫ్రెండ్ అయితే "ఇవ్వాళ వద్దురా, మండి తినొద్దాం పా" అంటే ఇద్దరూ లేచి పోతారు. కాస్త దూరపు పరిచయం ఉన్నవాళ్ళతో పెట్టుకున్న మాటకే విలువ ఎక్కువ.

ముగ్గురు ఉంటే మంచిది. ఒకరు ఊరెళ్ళినా ఇద్దరు మిగులుతారు. వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే పెట్టుకోండి కానీ అందులో "రేపు వస్తారా?" అని అడగొద్దు. అడిగితే రాకపోవడానికి కారణాలు చెబుతారు. "ఐదున్నర, వాటర్ ట్యాంక్ దగ్గర" అని రాసి ఊరుకోండి.

కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే ఆలోచించండి. తోడు, టైము, చోటు మూడూ వాళ్ళే ఇస్తారు, మీరు హాజరు పలికితే చాలు.

ఎంత చేస్తే సరిపోతుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 17 ఏళ్ళ దాకా రోజుకు సగటున 60 నిమిషాలు కదలాలి. 18 దాటితే వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ, దానికి తోడు వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది ఒక మోస్తరు. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టి శ్రమ.

లెక్క వేస్తే రోజుకు ఇరవై రెండు నిమిషాల చురుకైన నడకతో 150 దాటిపోతుంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ చప్పట్లతో గంట చొప్పున చుట్టూ తిరిగే అమ్మాయిలు ఆ వారం లెక్క తెలియకుండానే పూర్తి చేస్తారు. గణేశ్ నిమజ్జనంలో ట్యాంక్‌బండ్ దాకా తీన్మార్ ఆడుతూ వెళ్ళినవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు, కాకపోతే అది ఏడాదికి ఒక్కరోజే వస్తుంది.

రెండేళ్ళు కూర్చున్న ఒళ్ళు కాబట్టి మొదటి రెండు వారాలు నడకే. మూడో వారం నుంచి ఐదు నిమిషాల నడకకు ఒక నిమిషం పరుగు కలపండి. మొదటి రోజే గ్రౌండ్ చుట్టూ ఎనిమిది రౌండ్లు కొట్టి, పిక్కలు పట్టేసి, మర్నాటి నుంచి మెట్లు దిగలేక మానేసేవాళ్ళే ఎక్కువ. అలవాటు 21 రోజుల్లో పడుతుందనే మాట కూడా నమ్మకండి. లండన్‌లో 96 మందిని గమనించిన ఒక అధ్యయనంలో ఒక పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా వచ్చింది. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదని కూడా అందులోనే తేలింది. అంటే మీకు సెమిస్టర్ మొత్తం పట్టొచ్చు. పట్టనివ్వండి.

గది నేల మీద పన్నెండు నిమిషాలు

వాన రోజుకు, గేటు మూసిన రోజుకు ఇది. రెండు మంచాల మధ్య ఒక చాప పట్టే చోటు చాలు. పాతబస్తీ తాలీంఖానాల్లో పహిల్వాన్లు తరతరాలుగా చేసినవి ఇవే: బస్కీలు (స్క్వాట్లు), దండీలు (పుషప్స్).

పది బస్కీలతో మొదలుపెట్టండి. పాదాలు భుజాల వెడల్పు, మడమలు నేలను వదలకూడదు, కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుము వెనక్కి. తర్వాత దండీలు. నేల మీద రాకపోతే సిగ్గుపడకుండా మంచం అంచు మీద చేతులు పెట్టి ఎనిమిది చేయండి. మంచం గోడకు ఆనుకుని ఉండాలి, హాస్టల్ ఇనుప మంచాలు జారతాయి. ఆ తర్వాత ప్లాంక్, అంటే మోచేతులు, కాలివేళ్ళ మీద ఒళ్ళంతా తిన్నగా నిలపడం, ఇరవై సెకన్లు. చివరికి బకెట్. లీటరు నీళ్ళు కిలో బరువు కాబట్టి బకెట్‌లో ఎనిమిది లీటర్లు పోస్తే ఎనిమిది కిలోల డంబెల్ చేతికొచ్చినట్టే. ముందుకు వంగి, ఒక చేయి మంచం మీద ఆనించి, వీపు వంచకుండా తిన్నగా ఉంచి, రెండో చేత్తో బకెట్‌ను నడుము దాకా పదిసార్లు లాగండి, చేయి మార్చండి. ఇదంతా ఒక రౌండ్. మూడు రౌండ్లకు పన్నెండు నిమిషాల పైన పట్టదు. వారానికి రెండు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. సంఖ్య తేలికైపోతే రెండేసి పెంచండి.

ఫ్లోర్‌లో ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ మార్చే పని ఎవరిదని గొడవ జరుగుతుంటే "నేను తెస్తా" అనండి. వ్యాయామమూ అయింది, మంచి పేరూ వచ్చింది.

జిమ్‌కు డబ్బు కట్టేముందు

జిమ్‌లో చేరితే తప్పేం లేదు. తప్పల్లా ఇయర్లీ ప్యాకేజీలో. కౌంటర్ దగ్గర "ఇవ్వాళే ఆఫర్ లాస్ట్ బ్రో, మంత్లీ అయితే రెండింతలు పడుద్ది" అంటారు. ఆ ఆఫర్ వచ్చే వారమూ ఉంటుంది. మీ ఏడాదిలో సెమిస్టర్ ఎగ్జామ్స్, దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులు తీసేస్తే మీరు నిజంగా వెళ్ళేది ఏడెనిమిది నెలలే. మూడు నెలల కన్నా ఎక్కువ కట్టొద్దు. కట్టేముందు మీరు వెళ్ళబోయే టైములోనే ఒకసారి వెళ్ళి చూడండి. సాయంత్రం ఏడింటికి ప్రతి మెషీన్ ముందు నలుగురు నిలబడి ఉంటే అక్కడ వ్యాయామం కన్నా వెయిటింగే ఎక్కువ.

ఇక ప్రొటీన్ పౌడర్. చేరిన వారానికే ట్రైనర్ డబ్బా చూపిస్తాడు. మన తార్నాకలోనే, ఉస్మానియా పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది. గుడ్డుకు ఆరు గ్రాముల ప్రొటీన్, వంద గ్రాముల పల్లీలకు పాతిక గ్రాములు. మెస్‌లో పప్పు రెండోసారి అడగండి, గుడ్డు పెట్టే రోజు వదలకండి, గదిలో ఒక డబ్బా వేయించిన శనగలు ఉంచుకోండి. ఆట అయ్యాక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తినడం పాపమేమీ కాదు. రాత్రి పదకొండింటి బిర్యానీ ఆర్డర్లు వారానికి ఎన్నిసార్లో మాత్రం ఒకసారి లెక్కపెట్టుకోండి.

కుక్కలు, వాన, ఎండ

హైదరాబాద్‌లో తెల్లవారుజామున పరుగెత్తేవాళ్ళకు మొదటి సమస్య ఊపిరి కాదు, వీధి కుక్కలు. గుంపు కనిపిస్తే పరుగు ఆపి నడవండి, కళ్ళలోకి చూడొద్దు, వెనక్కి తిరిగి ఉరకొద్దు. కరిచినా, గోరు గీరుకున్నా సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్ళండి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో వేస్తారు. "చిన్న గాటే కదా" అని ఆగొద్దు. రేబిస్ లక్షణాలు కనిపించాక మందు లేదు. మొదటి ఇంజెక్షన్‌తో ఆపేయకుండా కోర్సు పూర్తి చేయండి.

క్లాసులు మొదలయ్యేది వానల్లోనే. గ్రౌండ్ బురదగా ఉన్న రోజు గది నేల ఉండనే ఉంది. నవంబర్ నుంచి జనవరి దాకా ఈ ఊళ్ళో పరుగుకు అంతకన్నా మంచి రోజులు ఉండవు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఆ మూడు నెలలనే నమ్ముకోవచ్చు. ఏప్రిల్, మేలో పొద్దున ఏడున్నర లోపో, సాయంత్రం ఆరు తర్వాతో. నలభై డిగ్రీల మధ్యాహ్నం క్రికెట్ ఆడితే వచ్చేది స్టామినా కాదు, వడదెబ్బ. ఆడేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె జబ్బుతో పోయి ఉన్నా డాక్టరుకు చూపించుకున్నాకే మళ్ళీ దిగండి.

మిడ్స్, పండుగలు, సెలవులు

అలవాటు ఎప్పుడు తెగుతుందో ముందే తెలుసు. క్యాలెండర్ చూడండి: మొదటి మిడ్స్, దసరా సెలవులు, సెమిస్టర్ ఎగ్జామ్స్, సంక్రాంతి. ఆ వారాలకు వేరే లెక్క పెట్టుకోండి. మిడ్స్ వారంలో ఆట వద్దు, రోజుకు పది నిమిషాలు చాలు. రాత్రి చదువుతూ నిద్ర వచ్చినప్పుడు టీ కొట్టుకు నడిచి వెళ్ళి, నడిచి రండి. పరీక్షలప్పుడు పూర్తిగా మానేసి "అయిపోయాక మొదలుపెడతా" అన్నవాళ్ళు రికార్డులు, వైవాలు, ఇంటి ప్రయాణం అయ్యేసరికి నెల దాటిస్తారు.

ఊరెళితే ఊళ్ళో చోటు, తోడు పాతవే దొరుకుతాయి. మీ స్కూల్ గ్రౌండ్ అక్కడే ఉంది, పాత జట్టులో సగం మంది పండక్కి వచ్చే ఉంటారు. సంక్రాంతికి మూడు రోజులు తిన్నది అరగాలన్నా ఒక వాలీబాల్ మ్యాచ్ పెట్టండి.

తిరిగి వచ్చాక రెండో సెమిస్టర్‌కు టైమ్‌టేబుల్ మారుతుంది, ల్యాబులు మధ్యాహ్నానికి వస్తాయి, కొన్నిసార్లు గది కూడా మారుతుంది. మీ ఐదున్నర ఇక కుదరకపోవచ్చు. కొత్త టైమ్‌టేబుల్ గ్రూపులో పడిన సాయంత్రమే ముగ్గురూ కూర్చుని కొత్త టైము తేల్చుకోండి. వారం మొదట్లో, సెమిస్టర్ మొదట్లో జిమ్‌కు వచ్చే విద్యార్థులు పెరుగుతారని 2014లో అమెరికాలో ఒక పరిశోధనలో చూశారు. ఆ ఊపును వాడుకోండి. మొదటి సోమవారమే గ్రౌండుకు వెళ్ళండి. మంగళవారం నుంచి ఎలాగూ అసైన్‌మెంట్లు మొదలవుతాయి.